యు.పి.ఎస్.ను మొదటిసారి ఆన్ చేయునప్పుడు తీసుకొనవలసిన జాగ్రత్తలు

సంఘాల కార్యదర్శులకు, పాల పరీక్షకులకు:

ఎలక్ట్రానిక్ కాటా, పాల పరీక్ష యంత్రము, కంప్యూటరు వచ్చిన తరువాత మన సేకరణ కేంద్రాలలో సభ్యుని లెక్క కరెంటుతో ముడిపడినది. కరెంటు పోయిన ఆ కొద్ది నిమిషాలు దాటించుటకే యు.పి.ఎస్. ఉన్నది. ఇందులో ముఖ్యమైన భాగాలు మూడు: బ్యాటరీని నింపే చార్జరు, బ్యాటరీ, బ్యాటరీలోని డి.సి.ని 230 వోల్టుల ఏ.సి.గా మార్చే ఇన్వర్టరు.

నేను తనిఖీకి వెళ్ళిన ఒక సంఘములో కొత్త యు.పి.ఎస్.ను పెట్టెలోనుండి తీసిన పూటే పనిలో పెట్టారు. బ్యాటరీ నిండలేదు. కాటా, పరీక్ష యంత్రము, కంప్యూటరు, ప్రింటరు, చాలదన్నట్లు ఒక టేబులు ఫ్యాను, అన్నీ వేసి ఉంచి స్విచ్చి నొక్కారు. కరెంటు పోగానే అది రెండుసార్లు కూత పెట్టి ఆగిపోయినది. వరుసలో మిగిలినవారికి ఆ పూట సంఘపు సగటు వెన్న శాతము వేసి చీటీలు ఇచ్చారు. ఒక ముసలమ్మ గేదె పాలు 7 శాతమునకు తగ్గినట్లు ఆమె పుస్తకములో ఎక్కడా లేదు. ఆ పూట మాత్రము 5.8. ఆమె పుస్తకము నా ముందు పెట్టి, "కరెంటు పోతే నా గేదె పాలలో వెన్న కూడా పోతుందా అయ్యా?" అని అడిగినది. నా వద్ద జవాబు లేకపోయినది.

మొదట బరువు లెక్క చూడవలెను. యు.పి.ఎస్. మీద 600 వి.ఎ. అని ఉంటే 600 వాట్లు అనుకొనరాదు. చిన్న యు.పి.ఎస్.లలో చాలావాటికి అది 360 వాట్లే. వెనుకనున్న పట్టీ చదవండి. మోటారు, నీళ్ళ హీటరు, ఫ్యాను, కూలరు కంప్రెసరు దీనికి తగిలించరాదు.

గోడకు ఆనించక, గాలి ఆడే చోట, పాలు, నీళ్ళు చిందని ఎత్తులో పెట్టండి. ఎర్తు తప్పనిసరి. న్యూట్రలుకు ఎర్తుకు మధ్య మీటరు 2, 3 వోల్టులు మించి చూపితే ఎలక్ట్రీషియనును పిలిపించిన తరువాతే ముందుకు పోవలెను. నీళ్ళు పోసే బ్యాటరీ అయితే చార్జి అగునప్పుడు మండే వాయువు వస్తుంది. దగ్గర బీడీ వద్దు, దీపము వద్దు. డిస్టిల్డు వాటరు తప్ప మరేదీ పోయరాదు. ఒకచోట గెర్బరు పరీక్ష ఆసిడు సీసాలోనుండి పోయబోతుంటే చేయి పట్టి ఆపవలసి వచ్చినది. ఆ ఆసిడు సాంద్రత సుమారు 1.82, బ్యాటరీ ద్రావణానిది 1.28 కూడా దాటదు!

ఇక ఆన్ చేయు క్రమము. యంత్రాల స్విచ్చులన్నీ ఆపి, యు.పి.ఎస్. ప్లగ్గు పెట్టి గోడ స్విచ్చి వేయండి. తయారీదారు పుస్తకములో చెప్పినన్ని గంటలు, అది లేకుంటే కనీసము 8 గంటలు, ఏ బరువూ లేకుండా బ్యాటరీని నిండనివ్వండి. తరువాత యు.పి.ఎస్. స్విచ్చి వేసి, దీపాలు నిలకడగా ఉన్నవని చూసి, ముందు కంప్యూటరు, తరువాత పరీక్ష యంత్రము, కాటా, ఒకటి తరువాత ఒకటి వేయవలెను. పాలు లేని వేళలో గోడ స్విచ్చి ఆపి రెండు మూడు నిమిషాలు నడిపి చూడండి. ప్లగ్గు మాత్రము లాగరాదు, లాగితే ఎర్తు పోతుంది.

ప్లగ్గు లాగినా యు.పి.ఎస్. వెనుక సాకెట్లలో 230 వోల్టులు ఉండవచ్చును. ఇది చాలామందికి తెలియదు. ఒక సహాయకుడు "తీసేశాను కదా" అని తీగ సరిచేయబోయి గోడకు కొట్టుకున్నాడు, బ్రతికి బయటపడ్డాడు. యు.పి.ఎస్. స్విచ్చి కూడా ఆపనిదే ఆ సాకెట్ల జోలికి పోవద్దు. మూత విప్పుట మెకానిక్కు పని.

చాలా కేంద్రాలలో తలుపు వేస్తూ మెయిను దించివేస్తారు. అలా చేస్తే బ్యాటరీ ఎప్పటికీ నిండదు. యు.పి.ఎస్. గోడ స్విచ్చికి విడి తీగ వేయించుకొని దానిని వేసే ఉంచండి. బ్యాటరీ పెట్టిన తేదీ స్టాకు రిజిస్టరులో వ్రాయండి.

ముసలమ్మ విషయములో పాలకవర్గము తీర్మానము చేసి, ఆమె వెనుకటి పది రోజుల సొంత సగటు ప్రకారము తేడా చెల్లించినది. ఆ కేంద్రములో గెర్బరు సెంట్రిఫ్యూజును మళ్ళీ తుడిచి బల్ల మీద పెట్టారు.