చచ్చి ఎన్నాళ్లయింది?

పాలమూరు ఒక్క జిల్లాగా ఉన్నప్పటి నుంచి, 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలయ్యాక కూడా గుర్తుతెలియని శవాలకు పోస్టుమార్టం చేశాను. ఆ పనిలోకి వచ్చే డాక్టర్లకు, ఎస్సైలకు నా అనుభవం చెబుతున్నాను.

1. "సార్, చచ్చి ఎన్నాళ్లయింది?" అని అడిగితే తొందరపడి జవాబివ్వకండి. రెండు రోజులు అటూ ఇటూ అయితే నిరపరాధి జైలుకెళ్తాడు. నడిగడ్డ చేలో ఎండిన శవం, జూరాల కాలువలో తేలిన శవం, నల్లమల నీడలో దొరికిన శవం ఒకే రోజు పోయినవైనా ఒకేలా ఉండవు.

2. చేపలు కొరికినా, చీమలు తిన్నా గాయంలాగే కనిపిస్తుంది. కోసి చూడండి, బతికుండగా తగిలిన దెబ్బైతే లోపల నెత్తురు కమిలి ఉంటుంది. నీళ్లలో నానిన చేతి తోలు తొడుగులా ఊడొస్తుంది. దాన్ని పారేయొద్దు. మెల్లగా కడిగి, గ్లవుజు వేసుకున్న మీ వేలికే తొడిగి, ఇంకు పూసి కాగితం మీద అద్దండి. వేలిముద్ర పడుతుంది. ఆ శవానికి పేరు దొరికే దారి అదే కావచ్చు.

3. 1977లో అమెరికాలోని టెనెసీలో, తవ్వేసిన ఒక పాత సమాధి దగ్గరి శవాన్ని చూసి, పోయి ఏడాది కూడా కాలేదన్నాడు విలియం బాస్ అనే ఎముకల శాస్త్రజ్ఞుడు. తీరా అది 1864లో అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన కల్నల్‌ది. చెడకుండా పట్టించిన మందులు, ఇనుప శవపేటిక కలిసి మాంసాన్ని కాపాడాయి. 113 ఏళ్ల తేడా! అంతటివాడికే తెలియనిది పుస్తకంలో ఎక్కడుంటుంది? అందుకే ఆయన 1981 నాటికి నాక్స్‌విల్‌లో దానంగా వచ్చిన దేహాలను ఆరుబయట ఉంచి, ఈగ ఎప్పుడు వాలింది, పురుగు ఎప్పుడు పట్టింది, ఎముక ఎప్పుడు బయటపడింది అన్నీ రాయించాడు. ఆస్ట్రేలియా కూడా 2016లో సిడ్నీ దగ్గర అలాంటి క్షేత్రం పెట్టుకుంది. వాళ్ల లెక్కలు మన మే నెల ఎండకు సరిపోవు, అందుకే అలాంటి క్షేత్రం మనకూ కావాలి.

4. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. బురదలో శవాల జాడ పసిగట్టడానికి కేరళ పోలీసు కుక్కలను పిలిపించాల్సి వచ్చింది. మార్చి 9న ఒక దేహం, 25న మరొకటి బయటపడ్డాయి. కుళ్లే దేహం ఏ దశలో ఎలా వాసనేస్తుందో ఎరిగినవాళ్లే అలాంటి కుక్కలకు తర్ఫీదివ్వగలరు. ఆ విద్య మన దగ్గరే ఉండాలి. కర్మ చేసుకోవడానికి దేహం కోసం కాచుకున్న ఇంటివాళ్లను చూసినవాడిగా అంటున్నాను.

5. అలా దేహాలను ఆరుబయట ఉంచడం శవానికి అగౌరవం కాదా అంటారు. దానమిచ్చిన దేహాన్ని కోసి విద్యార్థులు నేర్చుకోవడాన్ని మనం ఒప్పుకున్నాం, ఇదీ ఆ కోవలోదే. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి మెడికల్ కాలేజీలున్నాయి, గద్వాలకూ వచ్చింది. ముందు కంచె వేసిన చోట పంది కళేబరాలతో మొదలుపెట్టండి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం విడివిడిగా లెక్కలు రాయండి. చట్టం, కుటుంబాల సమ్మతి కుదిరాక మనుషుల దేహాల సంగతి చూద్దాం. దేహదానానికి సంతకం పెట్టినవాళ్లు ఈ పనీ తమకు సమ్మతమేనా అన్నది ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి.