కొత్త జీవాన్ని మందలో కలిపే ముందు

తొలకరి పడి బీళ్లలో పచ్చిక లేచిందంటే పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెలు, మేకలు కొనేవాళ్ల సందడి మొదలవుతుంది. శనక్కాయ పంట వచ్చేది రానిది వాన మీద ఆధారం. పది జీవాలుంటే మాత్రం కరువు ఏడు కూడా ఇల్లు గడుస్తుందని ఈ మెట్టసీమ సన్నకారు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే అప్పో సప్పో చేసి సంతలో నాలుగైదు పిల్లలు కొని తోలుకొస్తారు.

కొనేటప్పుడు పళ్లు చూస్తాం. నడుము పట్టి చూస్తాం. కాళ్లు చూస్తాం. కడుపులో ఏముందో మాత్రం చూడం. తెచ్చిన సాయంత్రమే పాత మందలో కలిపేస్తాం. నెల తిరిగేసరికి కొత్తవే కాదు, అంతవరకూ బాగున్న పాత జీవాలు కూడా చిక్కిపోవటం మొదలవుతుంది. ‘ఎవరి దిష్టి తగిలిందో’ అనుకుంటాం. దిష్టి కాదు. కొత్త జీవంతో పాటు మనం నట్టలను కూడా కొని తెచ్చుకున్నాం.

నట్టలు ఎలా పాకుతాయి?

గొర్రె, మేకల కడుపులో చేరే నట్టల్లో అన్నిటికంటే చెడ్డది రక్తం పీల్చే నట్ట. శాస్త్రజ్ఞులు దీన్ని హీమాంకస్ అంటారు. ఇది జీవం నాలుగో పొట్టలో అంటుకుని ఉంటుంది. పొడవు ఒక అంగుళానికి అటూ ఇటూ. ఆడ పురుగును చూస్తే ఎర్రదారం, తెల్లదారం కలిపి మెలేసినట్లుంటుంది. ఒక్కో పురుగు పీల్చే రక్తం రోజుకు ఒక చుక్కే. కానీ ఒక గొర్రెలో ఇవి వేలల్లో ఉంటాయి. 5 వేల నట్టలుంటే రోజుకు పావు లీటరు దాకా రక్తం పోతుంది. 20 కిలోల పిల్ల దాన్ని ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

ఒక ఆడ నట్ట రోజుకు 5 వేల నుంచి 10 వేల దాకా గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో నేల మీద పడతాయి. తేమ, వేడి రెండూ ఉంటే వారం రోజుల్లో గుడ్డు పిల్లపురుగై, మంచు పట్టిన గడ్డిపోచ ఎక్కి కూర్చుంటుంది. పక్క గొర్రె ఆ గడ్డి మేసిన 3 వారాలకు దాని కడుపులో కొత్త నట్టలు గుడ్లు పెట్టటం మొదలుపెడతాయి. వారం, 3 వారాలు కలిపితే దాదాపు నెల. కొత్త జీవాన్ని కలిపిన నెలకు పాత మందలో జబ్బు కనపడేది ఇందుకే.

కనిపించేది ఒకటి, చంపేది ఒకటి

పిల్లల పెంటికల్లో బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు కనిపిస్తే రైతులు కంగారుపడి మందుల షాపుకు పరుగెత్తుతారు. అవి బద్దెపురుగు ముక్కలు. చూడటానికి భయంగా ఉన్నా దాని వల్ల జరిగే నష్టం తక్కువ. రక్తం పీల్చే నట్ట గుడ్లు మాత్రం కంటికి ఆనవు. పైగా ఈ నట్ట ఒక్కటే ఉంటే జీవం పారుకోదు కూడా. పెంటికలు చక్కగా ఉండలుగానే పడతాయి. అందుకే మోసపోతాం.

దీన్ని పట్టుకోవటానికి కంటి కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి, లోపలి పొర చూడండి. ఎర్రగా ఉంటే రక్తం బాగున్నట్టు. లేత గులాబీ రంగుకు దిగితే అనుమానించాలి. తెల్లగా పాలిపోయి ఉంటే ఆ రోజే వైద్యం జరగాలి. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే జబ్బు ముదిరినట్టే. ఈ రెప్ప పరీక్షకు దక్షిణాఫ్రికా పశువైద్యులు 1990లలో 5 రంగుల కార్డు ఒకటి తయారుచేశారు. దాన్ని ఫమాచా కార్డు అంటారు. కార్డు చేతిలో లేకపోయినా ఆరోగ్యంగా ఉన్న గొర్రె రెప్పతో పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది.

మూడో శత్రువు కాక్సీడియా. 3 వారాల నుంచి 5 నెలల వయసు పిల్లల్లో ఇది ఎక్కువ. సంతలో తిరిగి, లారీలో ఎక్కి దిగి, తల్లిపాలు మాని అలసిపోయిన పిల్లలను పట్టుకుంటుంది. పలచగా పారుకుంటాయి, ఒక్కోసారి రక్తం కూడా పడుతుంది. ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, నట్టల మందు దీనికి పనిచేయదు. ఎన్నిసార్లు తాగించినా పిల్ల పారుకుంటూనే ఉంటుంది. దీనికి మందులు వేరు, అవి పశువైద్యుడే రాయాలి. కోళ్లకు వచ్చే కాక్సీడియా గొర్రెలకు రాదు. గొర్రెలది మేకలకు రాదు. రక్తం పీల్చే నట్ట మాత్రం గొర్రెకూ మేకకూ రెండింటికీ పాకుతుంది.

జ్వరం, కళ్లూ ముక్కూ కారటం, నోట్లో పుండ్లు, వీటితో పారుడు ఉంటే అది నట్టలు కాకపోవచ్చు, పి.పి.ఆర్. కావచ్చు. అలాంటి జీవాన్ని వెంటనే విడిగా కట్టేసి డాక్టరుకు కబురు చేయండి.

21 రోజులు వేరుగా ఉంచండి

కొత్తగా కొన్న జీవాన్ని 21 రోజులు విడిగా ఉంచాలి. ఇందుకు షెడ్డు కట్టనక్కర్లేదు. పాత దొడ్డికి దూరంగా ఒక వేపచెట్టు కింద గట్టినేల చూసుకుని చుట్టూ తడికలు కట్టినా సరిపోతుంది. వాననీరు అక్కడి నుంచి పాత దొడ్డిలోకి పారకుండా ఉండాలి. నీళ్ల తొట్టి వేరుగా పెట్టండి. శనక్కాయ కట్టె అయినా, ఆకుమేత అయినా నేల మీద వేయకుండా కొమ్మకు వేలాడదీయండి. నేల మీద వేస్తే పెంటికలు కలిసిన మేతే మళ్లీ కడుపులోకి పోతుంది. రోజూ ముందు పాత మంద పని చూసుకుని, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరకు వెళ్లండి. పెంటికలు రోజూ ఊడ్చి దిబ్బలో వేయండి. దిబ్బ బాగా మాగితే ఆ వేడికి గుడ్లు చస్తాయి.

మొదటి రోజే కంటిరెప్పలు చూడండి. పెంటికలు పరీక్ష చేయించండి. నేల మీద ఏరినవి పనికిరావు. శుభ్రమైన ప్లాస్టిక్ కవరు చేతికి తొడిగి, మలద్వారం నుంచి 5, 10 పెంటికలు తీసి, అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లండి. మైక్రోస్కోపు కింద నట్టల గుడ్లు, కాక్సీడియా రెండూ తెలుస్తాయి.

మందు తాగించాక కనీసం 2 రోజులు బయట మేతకు తోలకండి. అప్పటిదాకా కడుపులో మిగిలిన గుడ్లు బయటికి వస్తూనే ఉంటాయి. అవి మీ బీట్లో పడకుండా మీ దొడ్డిలోనే పడనివ్వండి. మందు తాగించిన 10, 14 రోజుల మధ్య మళ్లీ పెంటికలు పరీక్ష చేయించండి. గుడ్లు లేకుంటే మందు పనిచేసినట్టు. ఇంకా ఉంటే ఆ నట్టలు మందుకు లొంగలేదన్నమాట. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మందలో కలపకండి.

మందుకు లొంగని నట్టలు

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మామూలు నట్టలు వస్తే మందుతో పోతాయి. మందుకు లొంగని నట్టలు ఒకసారి మీ మందలో చేరాయంటే అవి మీతోనే ఉంటాయి. థయాబెండజోల్ అనే నట్టల మందు 1961లో బజారులోకి వచ్చింది. 3 ఏళ్లు తిరక్కుండానే, 1964లో, అమెరికాలో దానికి లొంగని హీమాంకస్ నట్టలను గుర్తించారు. తర్వాత వచ్చిన మందులకూ అదే గతి పట్టింది. దక్షిణాఫ్రికాలో ఏ మందూ పనిచేయక గొర్రెల పెంపకమే మానుకున్నవాళ్లున్నారు. మన దేశమూ దీనికి బయటేమీ లేదు.

లొంగకపోవటానికి పెద్ద కారణం చాలీచాలని మోతాదు. ‘ఒక మూత పట్టు’ అంటూ పెద్ద పొట్టేలుకూ చిన్న పిల్లకూ ఒకే లెక్కన పోస్తాం. సగం మోతాదుకు బలహీనమైన నట్టలు చస్తాయి, మొండివి బతుకుతాయి. ఆ మొండివే సంతతి పెంచుతాయి.

కాబట్టి తూకం వేసి మందు పట్టండి. ఆల్బెండజోల్ గొర్రెకు కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాములు. సీసా మీద 2.5 శాతం అని ఉంటే ఒక మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాముల మందు ఉన్నట్టు. 20 కిలోల గొర్రెకు 150 మిల్లీగ్రాములు కావాలి, అంటే 6 మిల్లీలీటర్లు. అదే 10 శాతం సీసా అయితే ఒకటిన్నర మిల్లీలీటరే. సీసా చదవకుండా పోస్తే 4 రెట్లు తేడా వస్తుంది. మేక కడుపులో మందు త్వరగా విరిగిపోతుంది గనుక దానికి మోతాదు ఎక్కువ కావాలి, డాక్టరును అడగండి. చూడి కట్టిన మొదటి నెలన్నరలో ఆల్బెండజోల్ పట్టకూడదు. క్లోజాంటెల్ మోతాదు మించితే జీవం గుడ్డిదవుతుంది. దాన్ని డాక్టరు చెప్పకుండా వాడకండి.

ఇంకో మాట. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్, ఆక్స్‌ఫెండజోల్ ముగ్గురూ అన్నదమ్ములే. ఒకదానికి లొంగని నట్ట సాధారణంగా మిగతావాటికీ లొంగదు. సీసా మార్చినంత మాత్రాన మందు మార్చినట్టు కాదు. కొత్త జీవాలకు వేరు వేరు కుటుంబాలకు చెందిన రెండు మందులు ఇవ్వమని నిపుణులు చెబుతారు. ఏ రెండు, ఎంతెంత అన్నది మీ పశువైద్యుడు రాయాలి.

ఇప్పటికే కలిపేసి ఉంటే?

మంద మొత్తానికీ నెలనెలా మందు పోయకండి. వారం పది రోజులకోసారి అన్నిటి రెప్పలూ చూసి, పాలిపోయినవాటికి మాత్రం పూర్తి మోతాదు ఇవ్వండి. ఆరోగ్యంగా ఉన్నవాటిని వదిలేస్తే వాటిలో మందుకు లొంగే నట్టలు మిగిలి, మొండివాటి బలం తగ్గుతుంది. పశుసంవర్ధక శాఖ వారు ఊళ్లో మందు పట్టిన తేదీ, మందు పేరు ఒక పుస్తకంలో రాసుకోండి.

వానాకాలంలో మంచు ఆరాకే మేతకు తోలండి. శనక్కాయ పీకిన చేను మంచి మేత. పంట కాలమంతా అందులో జీవాలు తిరగలేదు గనుక నట్టలు తక్కువ. పందికోన జలాశయం కింద, హంద్రీ-నీవా కాలువల వెంట ఎప్పుడూ తడిగా ఉండే గడ్డి పచ్చగా ఊరిస్తుంది గానీ, నత్తలు ఉండే అలాంటి చోట కార్జపు జలగ భయం కూడా ఉంటుంది. దూరంగా నడవటానికి ఓపిక లేని జీవం ఉంటే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఇంట్లో 20 జీవాలున్న రైతు 5 పిల్లలు కొన్నాడనుకుందాం. వాటిని 21 రోజులు వేరుగా మేపటానికి కావలసింది నాలుగు తడికలు, ఒక తొట్టి, రెండు మోపుల మేత, రెండుసార్లు పశువైద్యశాలకు నడక. ఈ కష్టం పడకపోతే పణంగా పెట్టేది ఆ 5 పిల్లలను కాదు, ఇంట్లో ఉన్న 20 జీవాలను. ఈసారి సంత నుంచి వచ్చేటప్పుడు పాత దొడ్డి వైపు కాకుండా వేపచెట్టు వైపు తోలండి.