గిటారు మెడకు ఏ కర్ర? మేపులా, జిట్టేగా?

నిరుడు వార్షికోత్సవానికి వారం రోజుల ముందు మన హాస్టల్ గిటారు పాడైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడే చదువుకుని ఉద్యోగం సంపాదించిన ఒక అన్నయ్య మనకిచ్చి వెళ్లిన ఎలక్ట్రిక్ గిటారు అది. స్టేజీ మీద తళతళలాడాలని మాలో ఒకడు దాని మెడను సబ్బునీళ్ల గుడ్డతో రుద్ది, వంటగది వెనుక ఎండలో పెట్టాడు. (ఎవరో అడగకండి. తమ్ముడు ఇప్పటికే చాలా బాధపడ్డాడు.) రెండు రోజులకు మెడ వంగి తీగలు పైకి లేచాయి. నొక్కితే వేళ్లు కోసుకుపోతున్నాయి. ఆ రాత్రి థింసాకు డప్పు, తుడుము, మోరి మోగాయి గానీ గిటారు మాత్రం పెట్టెలోనే ఉండిపోయింది.

కొత్త మెడ కొనమని పాత విద్యార్థులు చందాలు వేసి పంపారు. విశాఖపట్నం వెళ్లాం. దుకాణంలో రెండు చూపించారు. ఒకటి తెల్లగా మెరుస్తున్న మేపుల్. రెండోది ముదురు గోధుమరంగులో ఉన్న రోజ్‌వుడ్. ధర దాదాపు ఒకటే. మా దగ్గరున్న డబ్బు ఒకదానికే సరిపోతుంది. మాలో మాకే రెండు పార్టీలయ్యాయి. చివరికి ఏదీ కొనకుండా ఉత్త చేతులతో ఘాట్ రోడ్డెక్కి అనంతగిరి వచ్చేశాం. ఆ తర్వాత రెండు నెలలు చదివి, అడిగి, కొలిచి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ముందుగా మా అజ్ఞానం ఒకటి చెప్పాలి. రోజ్‌వుడ్ మెడ అంటే మెడంతా రోజ్‌వుడ్డే అనుకున్నాం. కాదు. అలాంటి చాలా గిటార్లలో మెడ మేపుల్ కర్రే. దాని మీద వేళ్లు ఆనే చోట 5, 6 మిల్లీమీటర్ల మందాన రోజ్‌వుడ్ పలక అతికిస్తారు. మెట్లు, అంటే ఫ్రెట్లు, ఆ పలకలోకి దిగుతాయి. మొత్తం రోజ్‌వుడ్‌తో చేసినవి లేకపోలేదు. 1968లో ఫెండర్ కంపెనీ జార్జ్ హారిసన్ కోసం ఒళ్లూ మెడా రోజ్‌వుడ్‌తోనే ఒక టెలికాస్టర్ చేసింది. 1969 జనవరి 30న లండన్‌లో బీటిల్స్ మేడ మీద చేసిన కచేరీలో ఆయన వాయించింది అదే. అయితే అది అరుదైన వస్తువు, పైగా బరువు. మన ముందున్న ప్రశ్న పై పలక గురించే.

1950లో ఫెండర్ తొలి గిటార్లు అమ్మినప్పుడు వేరే పలకంటూ లేదు. ఒకే మేపుల్ చెక్కను మెడగా చెక్కి మెట్లు నేరుగా అందులోనే కొట్టేవారు. 1958లో జాజ్‌మాస్టర్ అనే గిటారుకు రోజ్‌వుడ్ పలక పెట్టారు. మరుసటి ఏడాదికల్లా మిగతా రకాలకూ అదే వచ్చింది. కారణం శబ్దం కాదట, మురికి! మేపుల్ తెల్ల కర్ర, పైన వార్నిష్ లాంటి పూత ఉండి తీరాలి. వాయించీ వాయించీ పూత అరిగితే చెమట కర్రలోకి దిగి నల్లమచ్చలు పడతాయి. రోజ్‌వుడ్ చేవ కర్ర. రంగు ముదురు, కర్రలోనే సహజమైన నూనె ఉంటుంది. పూత లేకపోయినా నెగ్గుకొస్తుంది. మచ్చ పడినా కనిపించదు.

గట్టిదనం కొలిచే పద్ధతి ఒకటుంది. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండును సగం వరకు కర్రలోకి దించడానికి ఎంత బలం కావాలో చూస్తారు. అమెరికా, కెనడాల్లో పెరిగే గట్టి మేపుల్‌కు సుమారు 1450 పౌండ్లు, మన దేశపు రోజ్‌వుడ్‌కు సుమారు 2440 పౌండ్లు. మేపుల్ అంటే కొత్తగా తోస్తుంది గానీ, కెనడా జెండా మీద ఉన్న ఆకు ఆ జాతి చెట్టుదే.

ఇక అందరూ వాదించుకునేది శబ్దం గురించి. మేపుల్ అయితే ఖణేల్‌మంటుందనీ, రోజ్‌వుడ్ అయితే మెత్తగా నిండుగా పలుకుతుందనీ అంటారు. ఇంటర్ ఫిజిక్సులో విద్యుదయస్కాంత ప్రేరణ చదివిన వాళ్లు ఒక్క నిమిషం ఆలోచించండి. ఎలక్ట్రిక్ గిటారులో పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత అభివాహం మారి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. పికప్ ‘వినేది’ ఉక్కు తీగనే గాని కర్రను కాదు. తీగ ఎంతసేపు ఎలా కంపిస్తుందనే దాంట్లో కర్రకు కొంత పాత్ర ఉండవచ్చు. అంత కన్నా తీగల మందం, పికప్‌కూ తీగకూ మధ్య ఎడం, యాంప్లిఫయర్ మీద తిప్పే బిరడాలు ఎంతో ఎక్కువ తేడా తెస్తాయి. రెండోసారి దుకాణానికి వెళ్లినప్పుడు రెండు రకాల గిటార్లు ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్లం వీపు తిప్పి నిలబడి ఏది ఏదో చెప్పాం. ఒకసారి చెప్పింది రెండోసారి నిలవలేదు. ‘నాకు స్పష్టంగా తెలుస్తుంది’ అని బస్సులో పందెం కాసినవాడే ఎక్కువ తప్పాడు. పికప్‌లు, తీగలు కూడా వేరువేరు కాబట్టి అది పక్కా ప్రయోగం కాదని ఒప్పుకుంటాం. అయినా శబ్దం పేరు మీద గొడవపడటం మానేశాం.

అసలు శత్రువు తేమ. గిటారు ఆరు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు మెడను లాగే బలం సుమారు 47 కిలోలు. మన స్టోర్‌రూమ్‌లోని బియ్యం బస్తా కన్నా మూడు కిలోలే తక్కువ. ఆ బరువును సన్నని మెడ రాత్రీ పగలూ మోస్తుంది. కర్ర తేమ పీలిస్తే అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా దాదాపు పెరగదు. ఒకవైపు తడిసి ఇంకోవైపు పొడిగా ఉంటే వంపు తప్పదు. అనంతగిరిలో వానాకాలం ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? మంచు కిటికీలోంచి గదిలోకి వచ్చేస్తుంది, దండెం మీద చొక్కా మూడు రోజులైనా ఆరదు. మన గిటారు మూడు వానాకాలాలు బయటి గోడకు ఆనుకుని గడిపింది. పైపూత అప్పటికే సగం పోయింది. తప్పంతా ఆ సబ్బునీళ్ల తమ్ముడిదే అనుకోవడం అన్యాయం.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు పనస కర్రతో చేస్తారు. వీణకు 24 మెట్లు. వాటిని మైనంలో నిలబెడతారు కాబట్టి తేడా వస్తే మైనం కరిగించి మళ్లీ సర్దుకోవచ్చు. గిటారు మెట్లకు ఆ వెసులుబాటు లేదు. వాటి స్థానాలు లెక్క ప్రకారం కోసేసి ఉంటాయి. తీగ మిగిలిన పొడవును 17.817తో భాగిస్తే తరువాతి మెట్టు ఎక్కడో వస్తుంది. మన గిటారు తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. మొదటి మెట్టు 36.4 దగ్గర, పన్నెండవది సరిగ్గా సగంలో, 324 దగ్గర. స్కేలు పెట్టి చూసుకోండి. (కొత్త మెడ కొనేవాళ్లు ఈ పొడవు సరిచూడకపోతే కొన్న మెడ పనికిరాదు.)

మెట్లు కదలవు గనుక మెడనే సరిచేయాలి. దానికోసం మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. తీగను మొదటి మెట్టు దగ్గరా, మెడ ఒంటికి కలిసే చోటా నొక్కి పట్టుకుని ఏడో మెట్టు దగ్గర చూడండి. పోస్టుకార్డు దూరేంత సందు ఉండాలి. ఎక్కువైతే మరను బిగించాలి, లేకపోతే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు మించకూడదు, ఒక రోజు ఆగి మళ్లీ చూడాలి. మేము పాత మెడకు ఒకే పూటలో రెండు చుట్లు తిప్పాం. టక్‌మంది. ఇక దానికి మందు లేకపోయింది.

ఈ చదువు మధ్యలో మేము అనుకోనిది ఒకటి జరిగింది. దుకాణంలో అడిగి తెచ్చుకున్న విరిగిన రోజ్‌వుడ్ ముక్క బల్ల మీద ఉంది. మనవడిని చూడటానికి వచ్చిన ఒక తాత దాన్ని తీసి, గోటితో గీరి, వాసన చూశాడు. “ఇది జిట్టేగి గదరా! మా అయ్య నాగలికి వాడేవోడు. కొండ మీద ఇప్పుడు లావు మాను ఏదిరా?” అన్నాడు. పుస్తకాల్లో చూస్తే నిజమే. కొన్నిచోట్ల ఇరుగుడు అని కూడా పిలిచే మన జిట్టేగి చెట్టునే ప్రపంచమంతా ఇండియన్ రోజ్‌వుడ్ అంటోంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ తరిగిపోయి 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారం దాదాపు ఆగిపోయింది. మన జాతి కర్రల ఎగుమతి మీద 2017 జనవరి 2 నుంచి ఆంక్షలు వచ్చాయి. అప్పుడు ఫెండర్ కంపెనీ మెక్సికోలో చేసే గిటార్లకు పావ్ ఫెర్రో అనే వేరే కర్ర వాడింది. తయారైన వాయిద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు ఇచ్చారు. ముడికర్రకు మాత్రం కాగితాలు తప్పవు. ఆ మాట విన్నాక ‘మన కొండ మీదే ఉంది కదా, మనమే కోసుకుందాం’ అన్నవాడి నోరు మేమే మూయించాం. అడవిలో మాను కొడితే కేసు అవుతుంది. పైగా పచ్చి కర్ర మెడకు పనికిరాదు, బాగా ఆరాలి.

చివరికి రోజ్‌వుడ్ పలక ఉన్న మెడే తెచ్చాం. ఇంట్లో ఒక్కరే వాయించుకుంటూ, తుడిచి పెట్టెలో పెట్టుకునేవారికి మేపుల్ చక్కగా సరిపోతుంది. చేతికి జారుడుగా బాగుంటుంది కూడా. మన దగ్గర ఇరవై మంది చేతులు పడతాయి. కాఫీ పళ్లు కోసి వచ్చిన చేతులు, కబడ్డీ ఆడి వచ్చిన చేతులు. పూత అరిగే బాధ లేనిదే మనకు మేలనిపించింది. మాలో ఇద్దరు ఇప్పటికీ మేపుల్ పార్టీయే.

కొత్త మెడ నాలుగు స్క్రూలతో బిగించాం. గిటారు ఇప్పుడు లోపలి గోడకు తగిలించి ఉంది. వాయించాక పొడిగుడ్డతో తుడవాలి. ఏడాదికి రెండుసార్లు గిటారు పలకల కోసం అమ్మే నూనె రెండు చుక్కలు రాసి తుడిచేయాలి. కొబ్బరినూనె వద్దు, మక్కిపోయి కంపు కొడుతుంది. నూనె సీసా బాధ్యత ఆ సబ్బునీళ్ల తమ్ముడే అడిగి తీసుకున్నాడు. పాత మెడను పారేయలేదు. మెట్ల లెక్క కొలుచుకోవడానికి స్టడీ హాల్లో ఉంచాం.