ఆటలో మన ముఖం ఏది? (వీడియో గేముల్లో మూస చిత్రణపై ఒక పరిశీలన)

"ఆట ఆటే కదా, అందులో జాతి ఏమిటి, మతం ఏమిటి?" అని చాలామంది అంటుంటారు. సినిమాల గురించి, పాఠ్యపుస్తకాల గురించి, పత్రికల గురించి మన హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి దాకా చర్చలు జరుగుతాయి. కానీ మనలో ఎక్కువమంది గంటల తరబడి ఆడే వీడియో గేముల గురించి మాత్రం చర్చించుకోం. ఒకప్పుడు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న సీడీల్లో, గంటకింత అని డబ్బు కట్టే నెట్ సెంటర్లలో ఆడేవాళ్లు. ఇప్పుడు జగదీశ్ మార్కెట్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ ఫోన్‌లోనే ఆట అంతా నడుస్తోంది.

సినిమాలో హీరో తుపాకీ పేలుస్తాడు, మనం చూస్తాం. గేములో పేల్చేది మన వేలే. అయితే ఎవరిని కాల్చాలో, ఎవరిని కాపాడాలో, ఎవరిని పట్టించుకోనక్కర్లేదో ముందుగానే ఇంకెవరో నిర్ణయించి పెట్టారు. ఆ నిర్ణయం ఎవరిది? అందులో మనలాంటివారికి దక్కిన చోటు ఏది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూస అంటే ఏమిటి?

మూస అంటే లోహాన్ని కరిగించి పోసే అచ్చు. ఒక్కసారి అచ్చు తయారైతే ఎన్ని వస్తువులు పోసినా ఒకేలా వస్తాయి. ఇంగ్లీషులో దీనికి సమానమైన స్టీరియోటైప్ అన్న మాట కూడా ముద్రణాలయాల నుంచి వచ్చిందే. పేజీ మొత్తాన్ని ఒకే లోహపు పలకగా పోసి మళ్లీ మళ్లీ అచ్చు వేసేవారు. మనుషుల విషయంలో ఇదే పని చేస్తే దాన్ని మూస చిత్రణ అంటాం. మనకు ఇది కొత్త కాదు. తెలుగు సినిమాల్లో చాలాకాలం తెలంగాణ యాస రౌడీలకో, నవ్వించే పాత్రలకో మాత్రమే దక్కింది. ఊరి నుంచి వచ్చిన కొత్తలో కాలేజీలో నోరు విప్పడానికి మనవాళ్లు ఎందుకు జంకుతారో తెలిసినవారికి మూస ఎంత పని చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

గేముల్లో మూసకు ఇంకొక కారణం కూడా ఉంది. ఆడేవాడు ఎదుటివాడు శత్రువో మిత్రుడో రెప్పపాటులో గుర్తుపట్టాలి. అందుకని తయారుచేసేవారు ఆకారం, దుస్తులు, తలపాగా, గడ్డం, ఒంటిరంగు, యాస వంటి గుర్తులను వాడతారు. ఒక బొమ్మను తయారుచేయడం ఖర్చుతో కూడిన పని కాబట్టి అదే బొమ్మను పదిచోట్ల నిలబెడతారు. ఖర్చు తగ్గుతుంది, ఆట వేగంగా సాగుతుంది. కానీ ఆ గుర్తులు ఏ సమాజానివో ఆ సమాజం మొత్తం శత్రువు వేషంలో నిలబడుతుంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

అమెరికాలో డిమిట్రీ విలియమ్స్, ఆయన సహ పరిశోధకులు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడ బాగా అమ్ముడైన 150 గేములను తీసుకుని, అందులోని పాత్రలను జనాభా లెక్కల మాదిరిగా లెక్కించారు. నూటికి సుమారు 80 పాత్రలు తెల్లవారివే. ఆ దేశ జనాభాలో ఎనిమిదో వంతు ఉన్న హిస్పానిక్ ప్రజలకు దక్కింది నూటికి 3 కూడా కాదు. ఆ దేశపు మూలవాసులకు నూటికి ఒకటి కూడా దక్కలేదు. నల్లవారు కనిపించారు గానీ, క్రీడల గేములను పక్కన పెడితే మిగిలినవారిలో చాలామంది వీధి ముఠాల మనుషులే. అంటే సమస్య రెండు రకాలు. ఒకటి, అసలు కనిపించకపోవడం. రెండు, కనిపించినా ఒకే వేషంలో కనిపించడం.

భారతీయుల సంగతి చూద్దాం. 1991లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ విడుదల చేసిన స్ట్రీట్ ఫైటర్ 2లో మన దేశం తరఫున ధల్సిమ్ అనే పాత్ర ఉంది. బక్కచిక్కిన ఒళ్లు, మెడలో పుర్రెల దండ, సాగే చేతులు, నోటి నుంచి నిప్పు. అన్నీ యోగ మహిమలే! వెనుక ఏనుగులు. ఎన్నో దేశాల పిల్లలకు భారతీయుడంటే ఇతనే అని ఆ ఆట పరిచయం చేసింది.

నాంపల్లి బోర్డులు చెప్పే పాఠం

2009లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2 గేములో పాకిస్తాన్‌లోని కరాచీ నగరం పేరుతో ఒక యుద్ధరంగం ఉంది. ఆ వీధుల్లోని బోర్డుల మీద ఉన్నది అరబిక్. కరాచీలో బోర్డులు ఉర్దూలో ఉంటాయి. ఈతరం గేముల తయారీదారుల్లో ఒకరైన రామీ ఇస్మాయిల్ దీన్ని ఎత్తిచూపారు.

"రెండూ ఒకే లిపి కదా" అనిపించవచ్చు. అలా అనిపిస్తే నాంపల్లిలో ఒకసారి నడవండి. పక్కన ఉర్దూ చదవగలిగిన మిత్రుణ్ని తీసుకెళ్లండి. ఉర్దూలో ప, చ, ట, డ శబ్దాలకు ప్రత్యేకంగా అక్షరాలు ఉన్నాయి. అరబిక్‌లో ఆ శబ్దాలకు అక్షరాలు లేవు. చాయ్, పాన్, పరాటా అన్న మాటలు అచ్చమైన అరబిక్ అక్షరాల్లో ఉన్నవి ఉన్నట్టు రాయలేం. చాయ్ బోర్డు కూడా సరిగా రాయలేని కరాచీని ప్రపంచమంతా ఆడింది! నాంపల్లిలో టీ బండి దగ్గర నిలబడే ఏ పిల్లవాడిని అడిగినా ఆ తప్పు పట్టుకునేవాడు. కోట్ల డాలర్ల గేముకు ఆ ఒక్క మనిషిని అడగాలని తోచలేదు. ముస్లిం దేశమైతే చాలు, అన్నీ ఒకటే అన్న మూస అక్కడ పనిచేసింది.

అబిడ్స్ నుంచి నాంపల్లికి నడిచేది కొద్ది దూరమే. అబిడ్స్ అన్న పేరే ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆర్మేనియన్ ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం వల్ల వచ్చింది. ఇటు సెయింట్ జార్జ్ చర్చి, అటు యూసుఫైన్ దర్గా. మధ్యలో తెలుగు, ఉర్దూ, మార్వాడీ, సింధీ అన్నీ వినిపిస్తాయి. ఒక్క రోడ్డులో ఇన్ని ఉంటే ఒక నగరాన్ని ఒకే రంగులో చూపడం ఎంత పెద్ద అబద్ధమో ఆలోచించండి.

అడిగితే మారుతుందా?

మారుతుంది. మన నెట్ సెంటర్లలో ఒక వెలుగు వెలిగిన గ్రాండ్ థెఫ్ట్ ఆటో: వైస్ సిటీ 2002లో వచ్చింది. అందులో హైతీ దేశం నుంచి వలస వచ్చినవారు నేరస్థుల ముఠాగా ఉంటారు. హైతీ వాళ్లందరినీ చంపమనే అర్థం వచ్చే మాట కూడా ఉంది. 2003 చివరలో అమెరికాలోని హైతీ సంఘాలు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపాయి. కంపెనీ విచారం ప్రకటించి, తర్వాతి ప్రతుల నుంచి ఆ మాటలు తొలగిస్తామని ఒప్పుకుంది. ఆ ప్రజలు సంఖ్యలో తక్కువ, డబ్బులో తక్కువ. అయినా సంఘటితంగా అడిగారు కాబట్టి మాట చెల్లింది.

హైదరాబాద్ అమ్మాయి కథ

ఇక మనకు బాగా దగ్గరి ఉదాహరణ. 2016లో అమెరికాకు చెందిన బ్లిజార్డ్ కంపెనీ ఓవర్‌వాచ్ గేమును విడుదల చేసింది. అందులో సిమ్మెట్రా అనే నాయిక అసలు పేరు సత్య వాస్వాని. హైదరాబాద్‌లో కడు పేదరికంలో పుట్టిన అమ్మాయి. ఆమె తెలివిని గుర్తించి విశ్కార్ అనే పెద్ద కంపెనీ తన అకాడమీలో చేర్చుకుంటుంది. కాంతితో భవనాలు కట్టే నిపుణురాలవుతుంది. ఆమె ఆటిజం ఉన్న మనిషి అని కూడా తయారీదారులు తర్వాత ధ్రువీకరించారు.

ధల్సిమ్‌తో పోలిస్తే ఇది చాలా ముందడుగు. చామనఛాయ ఆడపిల్ల, ఇంజనీరు, నాయిక! అదే ఏడాది వచ్చిన బొమ్మల కథలో, బ్రెజిల్ పేద బస్తీలో తన కంపెనీ చేసే పనుల పట్ల ఆమెకు సందేహం కలగడం కూడా చూపించారు. ఇది మెచ్చుకోవలసిన విషయం.

కానీ మనం హాస్టల్ పిల్లలం. ఈ కథను మనం ఇంకొంచెం దగ్గరగా చదవాలి. వాస్వాని అనేది సింధీల ఇంటిపేరు. దేశ విభజన తర్వాత సింధీలు హైదరాబాద్‌లోనూ స్థిరపడ్డారు కాబట్టి ఆ పేరు అసాధ్యం కాదు. అయితే నగర పేద బస్తీల్లో ఎక్కువగా వినిపించే పేరు కూడా కాదు. ఆమె నోట వచ్చే మన దేశపు భాష హిందీ. ఆమె అమ్మానాన్నలు ఏ పని చేసేవారు? ఏ బస్తీ? ఆమె పరిచయంలో అది కేవలం పేదరికం. అన్నిటికన్నా ముఖ్యంగా, అకాడమీలో చేరాక ఆమె మళ్లీ ఇంటికి వెళ్లలేదని ఆ పరిచయం చెబుతుంది.

ఇక్కడే మూస ఉంది. పేద ఇంట్లో తెలివైన బిడ్డ పుడితే ఎవరో పెద్దవాళ్లు వచ్చి ఏరుకుని తీసుకుపోవాలి, ఇల్లు వెనక్కి తిరిగి చూడనక్కర్లేని చీకటి అన్న మూస. మాలో చాలామంది మా ఇళ్లలో మొదటి పట్టభద్రులం. మేమూ ట్రంకు పెట్టెతో హాస్టల్‌కు వచ్చినవాళ్లమే. కానీ మమ్మల్ని ఎవరూ ఏరుకోలేదు. హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ ఎవరి దయా కాదు, పోరాడి సాధించుకున్న హక్కు. చదువు చెప్పించింది కూలికి పోయిన అమ్మానాన్నలు. మేము ప్రతి పండుగకూ ఇంటికి వెళ్తాం. తమ్ముడి ఫీజు, చెల్లెలి దరఖాస్తు చూసేదీ మేమే. తిరిగి ఇంటికి వెళ్లడమే మన కథలో అసలు విషయం. ఆ గేములో లేనిది సరిగ్గా అదే.

ఇంకొకటి గమనించండి. 2016లో ఇదే పాత్రకు దేవత వేషం వేసినందుకు హిందూ సంస్థ ఒకటి అభ్యంతరం చెప్పింది. 2009లో సోనీ కోసం మన నగరంలోని అరోనా సంస్థ తయారుచేసిన హనుమాన్: బాయ్ వారియర్ మీద కూడా అభ్యంతరాలు వచ్చాయి. దేవుళ్ల చిత్రణ గురించి అడిగేవారు ఉన్నారు. బస్తీ చిత్రణ గురించి అడగవలసింది ఎవరు? బస్తీ వాళ్లే, అంటే మనమే.

చేతులు మనవే, కథ ఎవరిది?

గేముల తయారీ మన ఊరికి దూరం కాదు. ఘజిని సినిమా ఆధారంగా 2008లో వచ్చిన గేమును తయారుచేసిన ఎఫ్ఎక్స్ ల్యాబ్స్ హైదరాబాద్‌దే. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి ప్రపంచ సంస్థకు ఇక్కడ స్టూడియో ఉంది. నాంపల్లికి దగ్గరలోనే మాసబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్ కోర్సు ఉంది. అయితే బొమ్మ గీసేవారు వేరు, ఆ బొమ్మ ఎవరో నిర్ణయించేవారు వేరు. మన పిల్లలు మొదటి పనిలోకే కాదు, రెండో పనిలోకీ వెళ్లాలి.

అది సాధ్యమేనని అలాస్కా మూలవాసులు చూపించారు. 2014లో వచ్చిన నెవర్ అలోన్ గేమును అక్కడి ఆదివాసీ మండలి ఒకటి భాగస్వామిగా ఉండి తయారుచేయించింది. ఇనుపియాట్ పెద్దలు చెప్పిన కథ, వారి భాషలోనే వ్యాఖ్యానం. ఆడేవాళ్లు కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ ఆడారు. తమ కథను తామే చెప్పుకోవడమంటే ఇదే.

మనం చేయవలసింది

గేములు ఆడడం మానేయమని మేము చెప్పడం లేదు. ఆట ఆడినంత మాత్రాన ఎవరూ ద్వేషులుగా మారిపోరు. కానీ అడగకుండా ఆడితే మూస అలవాటవుతుంది. అందుకని ఈసారి ఆడేటప్పుడు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి.

1. ఇందులో ఎవరికి పేరుంది, ఎవరికి లేదు?
2. ఎవరు తమ భాషలో మాట్లాడుతున్నారు?
3. ఎవరిని చంపితే పాయింట్లు వస్తున్నాయి?
4. పేదవారికి కుటుంబం, పని, నవ్వు ఉన్నాయా, లేక పేదరికం ఒక్కటేనా?
5. ఈ కథ రాసినవారిలో ఆ సమాజం మనుషులు ఉన్నారా?

జవాబులు ఒక నోటుబుక్‌లో రాయండి. పది గేములకు రాస్తే అదే ఒక చక్కటి ప్రాజెక్టు అవుతుంది. జూనియర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చే వార్షికోత్సవ సంచికకు అలాంటి వ్యాసాలు పంపాలని కోరుతున్నాం. కంప్యూటర్ కోర్సులు చదివేవారు ఇంకో అడుగు వేసి, పండుగకు హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లే ఒక అమ్మాయి కథతో చిన్న గేము తయారుచేయగలిగితే, దాన్ని ముందుగా ఆడేది మేమే.