పిల్ల మాట మారిస్తే అబద్ధమేనా?

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. నెల క్రితం తల దువ్వుతుంటే "పెదనాన్న ఎక్కడెక్కడో ముట్టుకుంటున్నాడమ్మా" అంది. ఉండబట్టలేక అందరి ముందూ అడిగేశాను. బావగారు ఒట్టు పెట్టారు, అత్తయ్య శోకాలు పెట్టింది, మావారు అన్నం ముట్టలేదు. రెండ్రోజులకు పాపే "ఊరికే అన్నానమ్మా" అంది. ఇప్పుడు బావగారు వస్తున్నారంటే కడుపునొప్పి అంటోంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. "అదే అబద్ధమంది కదా, వదిలెయ్" అంటారు మావారు. ఏ మాట నమ్మాలి?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: మొదటి మాటే నమ్మండమ్మా. ఇలా చెప్పి వెనక్కి తీసుకోవడం కొత్తేం కాదు. లైంగిక వేధింపుకు గురైన పిల్లల తీరు గురించి అమెరికా మానసిక వైద్యుడు రోలండ్ సమ్మిట్ 1983లోనే రాశారు. రహస్యంగా దాచుకోవడం, నిస్సహాయత, సర్దుకుపోవడం, ఎప్పటికో బయటపెట్టడం, ఆపైన మాట మార్చడం. మాట మార్చడమే వేధింపుకు రుజువని కాదు, కానీ అబద్ధానికి రుజువు అసలే కాదు.

పాప వైపు నుంచి చూడండి. తను నోరు తెరిచింది. నానమ్మ ఏడ్చింది, నాన్న పస్తున్నాడు. అంతా తనవల్లే అనుకుంది. ఇల్లు మళ్లీ మామూలు కావాలంటే తన చేతిలో ఉన్నది ఒక్కటే, "అబద్ధం" అనడం. అదే చేసింది.

కడుపునొప్పి నటన కాకపోవచ్చు, భయానికి కడుపులో నిజంగానే మెలిపెడుతుంది. పక్క తడిపితే తిట్టకుండా దుప్పటి మార్చేయండి. "మరి అప్పుడెందుకు అరవలేదు?" అని మాత్రం అడగొద్దు. భయంతో కొయ్యబారిపోవడం పెద్దవాళ్లకే ఉంటుంది, ఇక చెయ్యి వేసింది సొంత పెదనాన్నయితే పసిదానికి ఏం తోస్తుంది? కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే.

మళ్లీ మళ్లీ గుచ్చి అడక్కండి. "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను, తప్పు నీది కాదు" అనండి చాలు. మీ బావగారిని, పాపను ఒకే ఇంట్లో ఉంచొద్దు. పండగని, పెళ్లని మినహాయింపులు పెట్టొద్దు. పోక్సో చట్టం (2012) ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. స్టేషన్‌కి లాగుతారని భయపడకండి. వాంగ్మూలం ఇంటి దగ్గరే, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్సై తీసుకోవాలి. పాప పేరు బయటికి రాకూడదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మీ అత్తగారి పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: మా నాన్న బెల్టుతో కొట్టి పెంచారు, ఇంజనీరునయ్యాను. నేను కొడుకుని నాలుగు తగిలిస్తే తప్పేంటి?
– ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: బెల్టు దెబ్బలు తినని మీ క్లాస్‌మేట్లూ ఇంజనీర్లయ్యారు కదండీ! ఒక్క దెబ్బకు ఏ జీవితమూ పాడైపోదు, నిజమే. కానీ ఫెలిటీ, అండా అనే అమెరికా వైద్యులు తొమ్మిదిన్నర వేలమంది పెద్దవాళ్ల బాల్యం గురించి అడిగి 1998లో వెల్లడించిన ఫలితాల్లో, దెబ్బలూ అవమానాలూ ఇంట్లో గొడవలూ ఎంత పోగుపడితే పెద్దయ్యాక తాగుడూ దిగులూ ఆత్మహత్యాయత్నాలూ అంత ఎక్కువగా కనిపించాయి. బడిలో కొట్టడాన్ని మన విద్యాహక్కు చట్టం 2009లోనే నిషేధించింది. ఈసారి చెయ్యి లేస్తే గదిలోంచి బయటికి వెళ్లి, చల్లబడ్డాక వాడితో మాట్లాడండి.