దిక్కులేని శక్తి.. దారి చూపే కొలువు

ఆషాఢం వస్తే మన యాడికిలో గాలికి తలుపులు దబదబా కొట్టుకుంటాయి. వాన మాత్రం అంతగా పడదు. పడమటి కనుమలు దాటేసరికే నైరుతి మేఘం చాలావరకు ఖాళీ అయిపోతుంది. మనకు మిగిలిన ఆ గాలీ, ఈ ఎండే ఇప్పుడు ఉమ్మడి అనంతపురం జిల్లాలో కొలువులిస్తున్నాయి. రామగిరి కొండలపై గాలిమరలు తిరుగుతున్నాయి. నంబులపూలకుంటలో, తాడిపత్రి పక్కన తలారిచెరువులో సోలార్ పార్కులు వెలిశాయి. ఈ రంగంలోకి వెళ్లాలనుకుంటే ముందు ఒక ఇంటర్ ప్రశ్నకు జవాబు తెలియాలి: శక్తి అదిశ రాశా, సదిశ రాశా?

అదిశ రాశే. ఆ ఒక్క ముక్కకు పరీక్షలో మార్కు వస్తుంది. ఇంటర్వ్యూలో మాత్రం ‘ఎందుకు?’ అని అడుగుతారు.

ఎందుకంటే..

మనిషితో కలిపి 200 కిలోల బైకులు రెండు, సెకనుకు 10 మీటర్ల వేగంతో ఎదురెదురు దిశల్లో పోతున్నాయనుకోండి. ద్రవ్యవేగానికి దిశ ఉంది కాబట్టి రెండూ కలిపితే సున్నా. గతిశక్తి అలా కొట్టుకుపోదు. ఒక్కోదానిది 10,000 జౌళ్లు, మొత్తం 20,000 జౌళ్లు. బలం, స్థానభ్రంశం రెండూ సదిశలే అయినా వాటి అదిశా లబ్ధమైన పనికి దిశ లేదు. పని చేయగల సత్తాయే శక్తి కాబట్టి దానికీ దిశ ఉండదు.

ఇక్కడే తడబడతారు

- టార్క్‌కూ శక్తిలాగే న్యూటన్ మీటరే ప్రమాణం. అయినా అది సదిశ, శక్తి అదిశ.
- స్థితిశక్తికి మైనస్ రావచ్చు. ఆ గుర్తు దిశను చెప్పదు, మనం సున్నా అనుకున్న స్థాయి కంటే అది తక్కువని చెబుతుంది.
- విద్యుత్ ప్రవాహానికి దిశ ఉన్నా సదిశల సంకలన నియమాన్ని పాటించదు. కాబట్టి అదీ అదిశే.

పనిలో దిశే కీలకం

శక్తికి దిశ లేకున్నా, దాన్ని పట్టేవాడికి దిశ తెలియాలి. యాడికి దాదాపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. అందుకే ఇక్కడ స్థిరంగా బిగించే ప్యానెళ్లను దక్షిణం వైపు కొద్దిగా వాల్చుతారు. ప్యానెల్ లంబానికి 60 డిగ్రీల కోణంలో ఎండ పడితే నేరుగా అందే కాంతి సగమే. గాలిమర కూడా గాలి వచ్చే దిక్కుకు తల తిప్పుతుంది. ఆ తిప్పే ఏర్పాటే యా సిస్టమ్. గాలి వడి రెట్టింపైతే అందులోని సామర్థ్యం 8 రెట్లవుతుంది. చివరికి మీటరులో చేరేవి మాత్రం దిక్కుతో పనిలేని యూనిట్లు.

దారులివీ

పది పాసైతే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్, లేదా పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా. ఇంటర్ ఎంపీసీ తర్వాత ఈఏపీసెట్‌తో ఇంజినీరింగ్. అనంతపురం జేఎన్‌టీయూ మనకు దగ్గరే. సోలార్ టెక్నీషియన్లకు సూర్యమిత్ర, పవన విద్యుత్ రంగానికి వాయుమిత్ర శిక్షణలున్నాయి. చేరేముందు తాజా నోటిఫికేషన్ చూసుకోండి.

ఈలోగా ఒక చిన్న సాధన చేయండి. మీ పొలంలోని 5 హెచ్‌పీ బోరు మోటారు పూర్తి లోడుతో గంట తిరిగితే ఎన్ని యూనిట్లు? ఒక హెచ్‌పీ 746 వాట్లు, ఒక కిలోవాట్ గంటసేపు వాడితే ఒక యూనిట్ కాబట్టి దాదాపు 3.7, నష్టాలు కలిపితే ఇంకొంచెం ఎక్కువ. కిలోవాట్ సామర్థ్యమనీ, యూనిట్ శక్తి అనీ తడుముకోకుండా చెప్పగలిగితే ఇంటర్వ్యూకి సిద్ధమైనట్టే.