వాల్వు స్ప్రింగు

వత్సవాయి మెట్ట ప్రాంతం. అక్కడ మిరప, పత్తి ఎక్కువగా వేస్తారు. కరెంటు మోటారు లేని చోట ఆయిలింజనుతో నీళ్లు తోడతారు. మిరప పూత మీద ఉన్నప్పుడు ఇంజను మూలబడితే ఏమవుతుంది? నీళ్లందక పూత రాలిపోతుంది. పెట్టుబడి మట్టిలో పోతుంది.

ఇంజను పైభాగాన్ని హెడ్డు అంటారు. హెడ్డులో రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి గాలిని లోపలికి రానిస్తుంది. రెండోది పొగను బయటికి పంపుతుంది. వాల్వు తలుపు లాంటిది. దాన్ని తెరిచేది రాకరు. మూసేది స్ప్రింగు.

ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు 750 సార్లు తెరుచుకుంటుంది. అంటే గంటకు 45,000 సార్లు! అన్నిసార్లూ స్ప్రింగే మూయాలి. స్ప్రింగు బిగువు తగ్గితే వాల్వు వేళకు మూసుకోదు. ఇంజను బలం తగ్గుతుంది. డీజిలు వృథా అవుతుంది.

ఒక రైతమ్మ హెడ్డు పని చేయించడానికి జగ్గయ్యపేట వెళ్లింది. మెకానిక్కు పాత స్ప్రింగులే బిగించబోయాడు.

"ఇవి పనికొస్తాయా బాబూ?" అంది.

"బాగానే ఉన్నాయమ్మా!"

"కొత్తదాని పక్కన నిలబెట్టి చూపించు నాయనా."

చూస్తే పాతది పొట్టిగా ఉంది. కొంచెం ఒరిగింది కూడా. మెకానిక్కు మారుమాట లేకుండా కొత్తవి తీశాడు.

హెడ్డు బిగించే ముందు ఇవి చూడాలి:

1. స్ప్రింగు పొడవు కంపెనీ పుస్తకంలో రాసినంత ఉండాలి.

2. బల్ల మీద నిలబెడితే నిటారుగా నిలవాలి. పగులు, తుప్పు ఉండకూడదు.

3. సీటు కోస్తే వాల్వు లోపలికి దిగుతుంది. అప్పుడు స్ప్రింగుకు చోటు ఎక్కువై బిగువు తగ్గుతుంది. ఎంత చోటు పెరిగిందో కొలిచి, స్ప్రింగు కింద అంత మందం వాషరు వేయాలి.

4. వాషరు ఎక్కువైనా ముప్పే. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగలకూడదు.

5. రెండు లాకులూ గాడిలో సరిగా కూర్చోవాలి. లాకు ఊడితే వాల్వు సిలిండరులో పడుతుంది. పిస్టను పగులుతుంది.

జాగ్రత్త! నొక్కి ఉన్న స్ప్రింగు ఎగిరి కంటికి తగలవచ్చు. ముఖం దగ్గర పెట్టకూడదు.

కొలతలు అంకెల్లోనే ఉంటాయి. అంకెలు మీకు వచ్చు. స్ప్రింగు పొడవు, మార్చిన తేదీ, ఇచ్చిన డబ్బు నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. మళ్లీ హెడ్డు విప్పినప్పుడు ఆ కాగితమే సాక్ష్యం.

చెప్పండి, రాయండి:

1. వాల్వును మూసేది ఏది?

2. వాషరు ఎప్పుడు వేయాలి?

3. వాషరు ఎక్కువైతే ఏమవుతుంది?